బుద్వేల్ గాలి

కాచిగూడ నుండి మహబూబ్‌నగర్ వెళ్లే రైలు మార్గంలో బుద్వేల్ చిన్న స్టేషను. దిగి నిలబడితే, పడమట హిమాయత్ సాగర్ వైపు నుండి వచ్చే గాలికి భుజం మీద తువ్వాలు నిలువదు. ఒకప్పుడు చేలున్న ఈ నేల 2023 ఆగస్టు వేలంలో నూరు ఎకరాలకు 3,625 కోట్ల రూపాయలు పలికింది. నేల అంత ప్రియమైన చోట పేద కుటుంబము ఇల్లు ఎలా కట్టుకుంటుంది? గోడకు గోడ ఆనించి, ముందర ఒక తలుపు, పక్కనే ఒక కిటికీ. వెనుక గోడకు కన్నమే ఉండదు.

అలాంటి ఒక ఇంటికి మేము పరామర్శకు వెళ్లాము. ఇంటి పెద్దకు క్షయ అని తేలి నాలుగు రోజులైంది. ఉన్న ఒక్క కిటికీకి దుప్పటి కట్టి ఉంది. మనుమలిద్దరూ ఆ గదిలోనే పడుకుంటున్నారు.

“చల్లగాలి తగిలితే దగ్గు ఎక్కువైతదని మూసినం అయ్యగారూ. ఫ్యాను తిరుగుతనే ఉంటది” అన్నది ఆయన భార్య.

ఆమె మాటలో ప్రేమే ఉన్నది. కాని ఫ్యాను గదిలోని గాలినే తిప్పుతుంది, బయటికి పంపదు. దగ్గినప్పుడు పెద్ద తుంపరలు కొద్ది అడుగులలోనే నేల పడతాయి. సన్ననివి ఆరిపోయి, పొగవలె గంటల తరబడి తేలుతాయి. క్షయ క్రిమి వ్యాపించేది ఆ సన్ననివాటితోనే. మన ఇండ్లలో మాత్రం మొదట వేరయ్యేది రోగి కంచము!

దుప్పటి తీయించాము. పిల్లలను పక్క వాటాలో మేనత్త దగ్గర పడుకోబెట్టారు. దగ్గు లేకపోయినా వారిని పరీక్షకు తీసుకుపోవాలని చెప్పాము. జబ్బు లేదని తేలితే ముందుగా వేసే రక్షణ మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. ఆయనకైతే మందు పనిచేస్తే కొన్ని వారాలలోనే అంటించే గుణం బాగా తగ్గుతుంది. అయినా ఆరు నెలలూ మింగవలసిందే.

కోవిడ్ కాలంలో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఆసుపత్రి గదుల గాలిని పట్టి పరీక్షించారు. గదిలో రోగులు ఎక్కువైన కొద్దీ గాలిలో వైరస్ దొరకడమూ ఎక్కువైంది.

సంఘాలవారు వినవలసిన సంగతి మరొకటి. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్కాజిట్ ప్రాంతపు గాయక బృందము ఒక చర్చి హాలులో రెండున్నర గంటలు పాటలు సాధన చేసింది. వచ్చిన 61 మందిలో ఒకరికి జలుబువంటి లక్షణాలున్నాయి. ఆ ఒకరితో కలిపి 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు మరణించారు. గొంతెత్తి పాడితే మామూలు మాటకంటే ఎక్కువ తుంపరలు బయటికి వస్తాయి.

మన గృహ ప్రార్థన కూటములు ఎలా జరుగుతున్నాయి? ముప్పై మంది, ఒక గది, దోమలకు మూసిన తలుపులు, రెండు గంటల పాటలు. దోమల భయం నిజమే. కిటికీకి దోమతెర కొట్టించవచ్చు, ఎదురెదురుగా రెండు ద్వారాలు తెరవవచ్చు. వెనుక కన్నమే లేని ఇండ్లకు డాబా ఉన్నది. బుద్వేల్‌లో ఇప్పుడు రెండు కూటములు డాబా మీదనే జరుగుతున్నాయి. ఆషాఢపు గాలికి పాటల పుస్తకము మీద రాయి పెట్టుకోవాలి, అంతే.