ముందు చెరువు, తరువాత పరీక్ష

ఆసుపత్రికి వెళ్ళవలసిన రోజంటే మన ఇళ్ళలో ఎవరికీ ఇష్టముండదు. జబ్బు ముదిరితే పరుగెత్తుతాము గాని, బాగున్నప్పుడు పరీక్షకు రమ్మంటే “ఇప్పుడేమైందని?” అంటాము. పొలం పని, పిల్లల బడి, దారి ఖర్చు అన్నీ అడ్డము వస్తాయి.

మా శ్రీమతికి ఎనిమిదేళ్ళుగా షుగరు వ్యాధి ఉన్నది. షుగరు ఉన్నవారు ఏడాదికొకసారి కంటి లోపలి పొరను పరీక్ష చేయించుకోవాలని వైద్యులు చెబుతారు. “నా చూపు బాగానే ఉన్నదండీ” అని ఆమె వాయిదా వేస్తుంటే, ఇబ్రహీంపట్నంలో పరీక్షకు రోజు తీసుకొని, “ముందు పెద్ద చెరువు చూద్దాము, తరువాత కళ్ళు చూపిద్దాము” అన్నాము. నవ్వి ఒప్పుకున్నది.

చెరువును ముందు పెట్టడానికి కారణమున్నది. పరీక్షకు ముందు కంటిలో చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేస్తారు. ఆ తరువాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, ఎండ గుచ్చుకుంటుంది.

తెల్లవారగానే మీర్‌పేట్ నుండి స్కూటరు మీద బయలుదేరాము. మా మీర్‌పేట్‌లోనూ చెరువులున్నాయి గాని వాటి చుట్టూ ఇళ్ళే. సాగర్ రోడ్డు ఎక్కి, తుర్కయంజాల్, బొంగుళూరు దాటిన తరువాత గాలి చల్లబడింది.

గోల్కొండను 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలములో కట్టిన చెరువిది. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. వెయ్యి ఎకరాలకు పైబడిన ఈ చెరువు వానలను నమ్ముకొని ఉన్నది; మంచి కాలములో నిండుతుంది, కరువులో ఎండుతుంది. మేము వెళ్ళిన రోజు నీరు గట్టును తాకుచున్నది. కట్ట మీద కూర్చొని డబ్బాలోని రొట్టెలు తిన్నాము. అంత దూరాన తుమ్మకొమ్మ మీది లకుముకిపిట్టను మాకంటె ముందు ఆమే చూచి చూపించింది.

రెండు గంటల తరువాత వైద్యుడు ఆ కళ్ళనే పరీక్షించి, లోపలి సన్నని రక్తనాళాలలో మార్పు మొదలైనదని చెప్పారు. “చూపు తగ్గకముందే తెలిసింది. షుగరు, బి.పి. అదుపులో ఉంచండి. ఆరు నెలలకు మరల రండి” అన్నారు. మేమిద్దరము కొంతసేపు మాట్లాడలేకపోయాము. నొప్పి లేదు, మసక లేదు. పిట్టను చూచిన కంటిలోనే కీడు మొదలైనది! చూపు మందగించే వరకు ఆగితే, పోయినది తిరిగి రావడము చాలమందికి కష్టమేనట. ముందుగా తెలిస్తే మందులతోను, అవసరమైతే లేజరు చికిత్సతోను ఆపవచ్చును.

ఇంటికి వచ్చి ఆరు నెలల తరువాతి తేదీని కాలెండరులో గుర్తు పెట్టాము. దాని ప్రక్కన ఆమె తన చేతితో “చెరువు” అని వ్రాసింది.

మీ ఇంటిలో షుగరున్న తల్లి గాని తండ్రి గాని ఉంటే, “వెళ్ళి చూపించుకో” అని ఊరుకోకండి. మీరు వెంట వెళ్ళండి. దారిలో చెరువో తోటో అక్క ఇల్లో ఉంటే అక్కడ ముందు ఆగండి. ఆ పూట వారికి భయముగా గాక, మీతో గడిపిన దినముగా గుర్తుంటుంది. మరుసటి ఏడు పిలువకుండానే బయలుదేరుతారు.