విశాఖకి తూర్పున, రెండున్నర కిలోమీటర్ల లోతున

సింగపూర్ రేవులో ఆ ఓడని చూసి అందంగా ఉందన్నవాళ్ళెవరూ నాకు తగల్లేదు. 143 మీటర్ల పొడవు, నడిమధ్య నీటిమట్టం నుంచి 60 మీటర్లకి పైగా లేచిన ఇనుప గోపురం. జాయిడెస్ రిజల్యూషన్ దాని పేరు. 1978లో చమురు బావులు తవ్వడానికి కట్టారు. 1985 నుంచి చమురు మానేసి మట్టి తవ్వుతూ వచ్చింది. మట్టి కోసం ఇంత ఓడా అనిపిస్తే తప్పులేదు, నాకూ అనిపించింది.

2014 నవంబర్ 29న బయల్దేరాం. అంతర్జాతీయ సముద్రగర్భ అన్వేషణ కార్యక్రమంలో ఇది 353వ యాత్ర. ఓడలో అందరూ దీన్ని 'ఐమాన్సూన్' అనేవారు. నాయకులిద్దరు, అమెరికా నుంచి స్టీవెన్ క్లెమెన్స్, జర్మనీ నుంచి వోల్ఫ్‌గాంగ్ కూంట్. శాస్త్రవేత్తల్లో జపాన్, చైనా, ఇండియా వాళ్ళూ ఉన్నారు. నేను రాసుకోవడానికి వెళ్ళినవాణ్ణి కాబట్టి నాకు ఎవరి కాళ్ళకీ అడ్డం పడకుండా ఉండటమే పని.

బంగాళాఖాతం మనకి కొత్తేమిటి అనుకుంటాం. తుపాను పేర్లు చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. కానీ ఆ నీటి అడుగున ఏముందో చూసినవాళ్ళు తక్కువ. 1972లో ఒకసారి, 1987, 88లలో కొంతా తవ్వారు, అదీ చాలావరకు దక్షిణం కొసన. రుతుపవనాల చరిత్ర కావాలంటే అందరూ అరేబియా సముద్రానికే పోయేవారు. నైరుతి గాలి గట్టిగా వీస్తే ఒమన్ తీరంలో అడుగునున్న చల్లనీరు పైకొస్తుంది. ఆ నీటిలో ఒక జాతి సూక్ష్మజీవి తామరతంపరగా పెరుగుతుంది. 1987లో అక్కడ తవ్విన మట్టిలో దాని గుల్లలు లెక్కపెట్టి, ఏ కాలంలో రుతుపవనాలు బలంగా ఉన్నాయో చెప్పారు. చాలా ఏళ్ళు పుస్తకాలన్నీ దాని మీదే నడిచాయి.

అది గాలి లెక్క. వాన లెక్క వేరు. వాన కురిసేది ఇటు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, అవతల ఇరావతి, అన్నీ ఆ నీటిని మోసుకొచ్చి దించేది ఇటువైపే. ఏ రైతునడిగినా చెప్పే సంగతే: గాలి వీచినంత మాత్రాన వాన పడాలని లేదు. ఆ సంగతి మట్టిలో వెతకడానికి ఓడని తేవడానికి ఇన్నేళ్ళు పట్టడమే నాకు విచిత్రంగా తోచింది.

మొదటి మజిలీ తొంభై డిగ్రీల తూర్పు రేఖాంశం వెంబడి నీటి అడుగున వేల కిలోమీటర్లు సాగే పర్వతశ్రేణి. చుట్టూ నీలం తప్ప ఏమీ లేదు. అక్కడ పైకొచ్చిన మొదటి గొట్టంలోనే, లేత రంగు మట్టి మధ్య ఒక బూడిద పొర కనిపించింది. సుమత్రాలో తోబా అగ్నిపర్వతం 74,000 ఏళ్ళ కిందట పేలినప్పుడు పడ్డ బూడిద. వేళ్ళ మధ్య నలిపితే గాజుపొడిలా గరగర. నాకు వెంటనే జ్వాలాపురం గుర్తొచ్చింది. కర్నూలు సీమలో జుర్రేరు లోయలో ఉన్న ఆ ఊళ్ళోనూ ఇదే బూడిద, కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించి. గిన్నెలు తోమే పొడి కోసం ఊరివాళ్ళు దాన్ని తవ్వి అమ్ముకునేవారు. దాని కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పురావస్తు శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంటే అంత పేలుడు తర్వాతా అక్కడ మనుషులు మిగిలారు, లేదా మళ్ళీ వచ్చారు. ఈ మాట చెబితే పక్కనున్న జపాన్ ఆయన నమ్మలేనట్టు చూశాడు, గిన్నెల సంగతి విన్నాక నవ్వాడు.

ఆ తర్వాత ఉత్తరానికి తిరిగాం. నెల్లూరు అక్షాంశం దగ్గర ఒకచోట తవ్వారు, దాన్ని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఇసుక ఎక్కువ, విసుగు ఎక్కువ. అసలు పని దాని తర్వాత మొదలైంది. పటం మీద చూస్తే విశాఖకి దాదాపు తిన్నగా తూర్పున, 160 కిలోమీటర్ల పైచిలుకు దూరం. లోతు 2,500 మీటర్లు.

లంగరు అందే లోతు కాదు. ఓడ అడుగున పన్నెండు చోదక చక్రాలు అదేపనిగా తిరుగుతూ, గాలీ ప్రవాహమూ ఎటు నెట్టినా దాన్ని ఉన్నచోటే నిలబెడతాయి. ఓడ నడుమ ఏడు మీటర్ల వెడల్పున కన్నం ఉంది, తొంగిచూస్తే సముద్రం కనిపిస్తుంది. అందులోంచి గొట్టానికి గొట్టం బిగిస్తూ దింపుతారు. అడుగు తగలడానికే ఒక పూట పట్టింది. ఆపైన నీటి ఒత్తిడితో ఒక పొడవాటి సన్నని గొట్టాన్ని బురదలోకి దిగ్గొట్టి, దాన్ని తీగతో పైకి లాగుతారు. "కోర్ ఆన్ డెక్!" అని మైకులో కేక. ఇనుప టోపీలు పెట్టుకున్నవాళ్ళు పరుగున వచ్చి తొమ్మిదిన్నర మీటర్ల ప్లాస్టిక్ గొట్టాన్ని భుజాల ఎత్తున మోసుకొస్తారు. ఒకటిన్నర మీటరు చొప్పున ముక్కలు కోసి, పై కొసకి నీలం మూత వేస్తారు. ఏది పైనో ఏది కిందో తారుమారైతే వేల ఏళ్ళు తలకిందులౌతాయి.

ఇక్కడి మట్టిలో మీథేన్ ఎక్కువ. రెండున్నర కిలోమీటర్ల నీటి బరువు తీసెయ్యగానే గ్యాసు వ్యాకోచించి, ముదురు బూడిదాకుపచ్చ బురద గొట్టం కొసల్లోంచి తనంతట తనే బయటికి పాకుతుంది. ఒకమ్మాయి డ్రిల్లు పట్టుకుని గొట్టం పొడవునా చిన్న చిన్న రంధ్రాలు పెడుతూ పోయింది. ప్రతి రంధ్రం నుంచీ బుస్సుమని సన్నని బురద పురుగు. చూస్తూ నిలబడ్డ నా కళ్ళద్దాల మీద కొంత పడింది. అలా అక్కడ దాదాపు 670 మీటర్లు తవ్వారు, అట్టడుగు మట్టి వయసు 60 లక్షల ఏళ్ళు.

గొట్టం కొసన మిగిలిన ముద్దని జల్లెడలో కడిగి, పొయ్యిలో ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద పెడతారు. నన్నూ చూడమన్నారు. ఇసుక రేణువంత గుల్లలు, తెల్లగా, ఉబ్బుగా, అచ్చం జొన్నపేలాలు. ఒకప్పుడు నీటి పైపొరలో బతికి, చచ్చి, అడుగుకి రాలిన జీవులివి. గుల్లలోని మెగ్నీషియం అప్పటి నీటి వేడిని చెబుతుంది. గుల్లలోని ఆక్సిజన్‌లో వేడి వల్ల వచ్చిన తేడానీ, మంచుయుగాల ప్రభావాన్నీ తీసేస్తే, మిగిలేది నీటిలో ఉప్పెంతో. నదులు ఎక్కువ పారితే ఉప్పు తగ్గుతుంది. అంటే ఆ గుల్ల వర్షపాతం నమోదు చేసిపెట్టిందన్న మాట.

ఆ రాత్రి ఓడలోని ఫోన్ నుంచి విశాఖలో ఉన్న మా పిన్నికి మాట్లాడాను. హుద్‌హుద్ తుపాను వచ్చి అప్పటికి రెండు నెలలు దాటింది.

"ఎక్కడున్నావురా?"

"మీకు తిన్నగా తూర్పున, పిన్నీ. మేడెక్కితే కనిపిస్తానేమో."

"అంత దగ్గరకొచ్చి అన్నానికి రాకుండా పోతావేంట్రా? మన ఇంటిమీద రేకులు మళ్ళీ వేయించాం, రా, చూద్దువు గాని."

రావడం కుదరదని, మట్టి తవ్వుతున్నామని చెప్పాను. "మట్టి ఇక్కడ లేదా?" అంది.

ఉంది, నిజానికి చాలానే ఉంది. ఇదే ఓడ 2006లో కృష్ణా గోదావరి బేసిన్‌కి వచ్చింది, గడ్డకట్టిన గ్యాసు కోసం. అప్పుడు గోదావరి ముఖద్వారానికి ఎదురుగా తీసిన ఒక గొట్టాన్ని వేరే శాస్త్రవేత్తలు అడిగి తీసుకున్నారు. నది మోసుకొచ్చిన ఆకుల మైనం ఆ బురదలో వేల ఏళ్ళుగా చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని బట్టి 4,000 ఏళ్ళ కిందట నుంచి 1,700 ఏళ్ళ కిందటి వరకు గోదావరి పరీవాహకమంతా మెల్లమెల్లగా ఎండుతూ, మెట్ట మొక్కలు పెరుగుతూ వచ్చాయని 2012లో రాశారు. గ్యాసు ఇంకా ఎవరి పొయ్యికీ చేరలేదు. నన్నడిగితే ఆ ఆకుల మైనమే పెద్ద లాభం.

ఒడిశా తీరానికెదురుగా ఇంకొకచోట తవ్వి, అండమాన్ సముద్రానికి మళ్ళాం. సంక్రాంతి నీళ్ళ మీదే జరిగింది. ఫిలిప్పీన్స్ వంటవాళ్ళు ఆ రోజు కొబ్బరిపాలూ బియ్యమూ కలిపి 'బీకో' అనే తీపి చేశారు. పండగని వాళ్ళకి తెలీదు, నేనూ చెప్పలేదు, మారు వడ్డించుకున్నాను.

జనవరి 29న సింగపూర్‌లో దిగేసరికి 354వ యాత్ర వాళ్ళు పెట్టెలతో సిద్ధంగా ఉన్నారు. వాళ్ళు ఇదే సముద్రంలో ఎనిమిదో అక్షాంశం వెంబడి, హిమాలయాలు అరిగి పేరుకున్న మట్టిని తవ్వబోతున్నారు. మేం తెచ్చింది మాత్రం జపాన్‌లోని కోచి భాండాగారానికి చేరింది. ఒడిశా ఎదుట తీసిన గొట్టాల నుంచి తొమ్మిది లక్షల ఏళ్ళ వానల లెక్క తేల్చి, క్లెమెన్స్ బృందం 2021లో ప్రచురించింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిన కాలాల్లో ఇటు వానలూ పెరిగాయని తేలింది. ఓడని 2024లో పని నుంచి తప్పించారు.

కోచిలో ఉన్న మట్టి మాత్రం ఎవరైనా అడగొచ్చు. ఎందుకు కావాలో, ఏ లోతుది కావాలో, ఏం చేస్తారో రాసి దరఖాస్తు పెట్టాలి. విశాఖలో జియాలజీ చదువుతున్న మా పిన్ని మనవరాలికి ఈ సంగతి చెప్పాను. రెండు వారాల తర్వాత ఫోన్ చేసింది. "మావయ్యా, ఒక్కో లోతుకి పది సీసీలు సరిపోతుందా, ఇరవై అడగనా?"