నాలుగో అక్షరం

తమిళదేశంలో తరాలుగా ఉంటున్న మనవారికి ఒక చిక్కు బాగా తెలుసు. తమిళంలో ప, బ రెంటికీ ఒకటే అక్షరం. బాబు అని రాసినదాన్ని పాపు అని చదవవచ్చు. పేరు ముందే తెలిసినవాడు సరిగా చదువుతాడు, తెలియనివాడు తడబడతాడు. హీబ్రూ లిపిలో ఈ చిక్కు ఇంకా ముదిరింది. ఉన్నవి 22 అక్షరాలు, అన్నీ హల్లులే. అచ్చులకు చుక్కలూ గీతలూ ఉన్నవి గాని, పసిపిల్లల పుస్తకాల్లోనూ, పద్యాల్లోనూ, బైబిలులోనూ తప్ప అవి సాధారణంగా కానరావు. ప, ఫ లకు ఒకటే అక్షరం. వకారానికి వాడే వావ్ అనే అక్షరమే ఒ, ఉ లకూ పనిచేస్తుంది.

సొంత మాటలకు ఇది అడ్డం కాదు. మనం చక్కెర జబ్బు అన్నట్లే వారు చక్కెరకు వాడే సుకర్ నుంచి సుకెరెత్ అన్నారు. పసుపురంగు త్సహోవ్, కామెర్లు త్సహెవెత్. కెలెవ్ అంటే కుక్క, కలెవెత్ అంటే పిచ్చికుక్క కాటువల్ల వచ్చే జబ్బు. ఎంత పొందిక! మన వైద్య పరిభాషకూ ఇట్లాంటి మూస ఒకటి ఉంటే బాగుండేదని మాకు తరచు అనిపిస్తుంది.

గ్రీకు, లాటిన్ మాటలను ఆ లిపిలో రాసినప్పుడే తంటా. డాక్టరుగారు చెప్పుకుపోతారు, టైపు చేసేవారు తోచినట్లు కొడతారు. పేగుకు చిల్లు పడడాన్ని పెర్ఫరేషన్ అంటారుగదా. అందులో ఒక వావ్ ఎక్కువ పడితే ప్రపోర్షన్ అవుతుంది. ఉన్నదున్నట్లు ఇంగ్లీషు చేస్తే రోగి పేగులో నిష్పత్తి ఉన్నదని తేలుతుంది! అది నవ్వుకొని దిద్దుకోవచ్చు. అన్నీ నవ్వులాటలు కావు.

మేమిద్దరం ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఆ దేశంలో ఉండి చెన్నైకి తిరిగివచ్చాము. తెలుగు జిల్లాలనుంచి అక్కడ వృద్ధుల సేవకు వెళ్లినవారు చాలామంది. వారిలో చాలామందికి మాట వస్తుంది, చదవడం రాదు. అందుచేత ఆసుపత్రి కాగితాలు మా గుమ్మం తొక్కుతుంటవి. ఆమధ్య, వైద్యానికని ఇక్కడ అక్కగారింట దిగిన ఒక గోదావరి ఆడపడుచు వచ్చింది. అక్కడ పనిలో ఉండగా స్పృహతప్పి పడిపోతే ఆసుపత్రిలో చేర్చారట.

"అన్నయ్యగారూ, ఆ రోజు షుగరు పెరిగి పడ్డానా, తగ్గి పడ్డానా? ఇక్కడి డాక్టరుగారు అదే అడుగుతున్నారు. వదినగారూ, మీరైనా చూడండి" అంది. మందు పెంచడమా, తగ్గించడమా అన్నది దానిమీద ఉన్నది.

హైపర్ అన్నా హైపో అన్నా ఆ లిపిలో మొదటి మూడక్షరాలు ఒకటే. నాలుగోది రేఫ అయితే ఎక్కువ, వావ్ అయితే తక్కువ. ఆ కాగితంలో నాలుగో అక్షరమే లేదు! మూడక్షరాల వెనుక నేరుగా గ్లైసీమియా.

ఇట్లాంటప్పుడు మేము ఆ మాటను వదిలి దాని ఇరుగుపొరుగును అడుగుతాము. రెండు పంక్తుల కింద, రక్తంలో గ్లూకోజు 48 అని ఉన్నది. ఆ భాష కుడినుంచి ఎడమకు నడిచినా అంకెలు మనలాగే ఎడమనుంచి కుడికి. గనుక అది 84 కాదు. 70కి దిగితేనే తక్కువ కింద లెక్క. ఆ కింద, నరంలోకి గ్లూకోజు ఎక్కించారని ఉన్నది. పెరిగినవారికి అది ఎక్కించరుగదా. హైపోగ్లైసీమియా అని రాసి, మూలంలో ఒక అక్షరం లోపించింది, అంకెనూ చికిత్సనూ బట్టి ఇట్లా చదివాము అని పక్కనే గమనిక పెట్టి, అసలు కాగితం నకలు జతచేశాము.

"ఆ గమనిక ఎందుకండీ, తప్పుల కాగితమనుకుంటారు, తీసెయ్యండి" అంది ఆమె. మేము తీయలేదు. నిర్ణయం డాక్టరుగారిది, మేము ఊహించినది ఎక్కడో ఆయనకు తెలియవద్దా?

అట్లాంటిదే ఇంకొక కాగితం ఇప్పుడు మా బల్లమీద ఉన్నది. ఇందులో పొటాషియం సంగతి. నాలుగో అక్షరం మీద సిరా అలుక్కుపోయింది, అంకె కూడా లేదు. అక్కడి ఆసుపత్రికి ఉత్తరం రాశాము. జవాబు రావలసి ఉన్నది.