మడచెట్ల తోవ

శుక్రవారపు ప్రాతఃకాలమున, కార్ల రొద మొదలు కాకమునుపే, పాత సైకిలును తీసికొని సౌదీ అరేబియాలోని ఖతీఫ్ ఖర్జూరవనముల నడుమనున్న మట్టిబాట పట్టుట నాకు వ్యసనమైనది. ఒకప్పుడీ ఒయాసిస్సునంతటిని తడిపిన ఊటబుగ్గలు, ఇరువదవ శతాబ్దిలో గొట్టపుబావులు పెరిగినకొలదిని అడుగంటినవి. బాటపై నిప్పుడు కంకర మాత్రమే కరకరలాడును. మొన్న ఎండిన ఖర్జూరపుమట్ట మొదటి ముల్లు, చూపుడువ్రేలంత పొడవుగలది, టైరులోనికి దిగబడగా, బండిని నడిపించుకొనుచు తారూత్ అఖాతము దాక పోయితిని. (అదియు మేలే యైనది, ఎక్కి పోయియుండిన నీ మడచెట్ల యొద్ద ఆగకయే యుందును.) నీరు తీసిన బురదలో సూదులవలె నిక్కిన శ్వాసమూలములు, వాని సందున పరుగిడు పీతలు, ఆకులపై పేరిన ఉప్పుపొడి! ఇది మన కోరంగి తెల్లమడయే. గోదావరి తీపినీటిని కుడిచి అచ్చట ఏపుగా నెదుగు నా చెట్టు, నదియే లేని యీ దేశమున పొదయై ముడుచుకొనియు, ఆకును నాకి చూచిన నాకు అదే ఉప్పదనమును రుచి చూపినది. దూరమున నాలుగైదు ఫ్లెమింగోలు, పులికాటులో వలెనే, తలలు వంచి బురదను జల్లించుచుండెను. ట్యూబునకు అతుకు వేయుటకు నాయొద్ద నేమియు లేదు, ఎండ ఎక్కుచుండెను.