పైన మంచినీరు, కింద వెచ్చని ఉప్పునీరు

నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త ఇవతల, న్యూ ఆలెసుండ్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడది బొగ్గు గనుల ఊరు. 1962లో గనిలో జరిగిన పేలుడుకు 21 మంది బలయ్యాక తవ్వకం ఆగిపోయింది. ఇప్పుడక్కడ పలు దేశాల పరిశోధన కేంద్రాలున్నాయి, 2008 నుంచి మన హిమాద్రి కూడా. ధ్రువపు ఎలుగుబంటి ఎదురైతే లోపలికి దూరేందుకు వీలుగా ఇళ్లకు తాళాలు వేయరు. సున్నితమైన రేడియో పరికరాల కోసం సెల్‌ఫోన్లు, వైఫై ఆపేస్తారు. వెళ్లినవాళ్లంతా రాసే సంగతులే ఇవి, ఇక వదిలేద్దాం. నాకు ముఖ్యమనిపించింది ఊరి ముందున్న కాంగ్స్‌ఫ్యోర్డెన్. కొండల మధ్య సుమారు 20 కిలోమీటర్ల లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది. వేసవిలో దాని తల దగ్గర, హిమానీనదాలు సముద్రంలో దిగేచోట, నీరు ఇటుక రంగులో ఉంటుంది. బయటి సముద్రం వైపు వెళ్లేకొద్దీ నీలం తేలుతుంది. ఎర్రమట్టిని మోసుకొచ్చిన ఆ మంచినీరు ఉప్పునీటిలో వెంటనే కలిసిపోదు. పాల మీద మీగడలా పైన పరుచుకుంటుంది. హిమానీనదాలు కరిగితే ధ్రువ సముద్రాలకు ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు ఈ పొరలోనే వెతకాలని నా వాదన.

ఉప్పదనాన్ని కొలవడానికి ఇప్పుడెవరూ నీటిని ఇగిర్చి చూడరు. తాడుకు కట్టిన పరికరాన్ని పడవ మీంచి అడుగుదాకా దించుతారు. ఉప్పు ఎక్కువున్న నీటిలో విద్యుత్తు తేలిగ్గా ప్రవహిస్తుంది కనుక, ఆ కొలతకు వేడిమి, లోతు జోడిస్తే ఉప్పదనం లెక్క తేలుతుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే నీటిలో కిలోకు 35 గ్రాముల ఉప్పుంటే, వేసవి ఉధృతిలో హిమానీనదం ముందున్న పై నీటిలో అది 30కి లోపే. అయితే అసలు విశేషం వేడిమిలో కనిపిస్తుంది. వెచ్చని నీరు పైకి తేలుతుందని బడిలో చదువుకున్నాం. ఇక్కడ మాత్రం అట్లాంటిక్ నుంచి వచ్చిన వెచ్చని నీరు అడుగుకు చేరుతుంది. గడ్డకట్టే స్థాయికి దగ్గర పడ్డ నీటిలో ఒకటి రెండు డిగ్రీల తేడాకు బరువు పెద్దగా మారదు. బరువును తేల్చేది ఉప్పే. అందుకే ఉప్పదనం తగ్గిన చల్లని నీరు పైన నిలిచి, కిందున్న వేడికి మూతవుతుంది.

సముద్రం ఎంత, ఈ మంచెంత అని అడిగేవాళ్లున్నారు. లెక్క వేస్తే వాళ్ల మాటే నిజమనిపిస్తుంది. గ్రీన్‌లాండ్ మంచు ఫలకం ఈ శతాబ్దంలో ఏటా సగటున 27,000 కోట్ల టన్నుల మంచు కోల్పోతోంది. ప్రపంచ సముద్రాల నీటిలో అది సుమారు 50 లక్షలవ వంతు. సగటు ఉప్పదనంలో ఆ తేడా ఏ పరికరానికీ అందదు. కానీ మంచినీరు సగటున పంచుకుని చేరదు, కొన్ని చోట్ల పైన పోగుపడుతుంది. అలా పోగుపడితే ఏమవుతుందో 1968 తర్వాత తెలిసింది. స్వాల్‌బార్డ్‌కు పడమరనున్న ఫ్రామ్ జలసంధి గుండా మామూలుకన్నా చాలా ఎక్కువ సముద్రపు మంచు దక్షిణానికి కొట్టుకొచ్చింది. అది కరిగి ఉప్పదనం తగ్గిన నీరు లాబ్రడార్ సముద్రం మీద పరుచుకోవడంతో, శీతకాలంలో పై నీరు బరువెక్కి లోతుకు దిగే ప్రక్రియ అక్కడ కొన్నేళ్లు దాదాపు నిలిచిపోయింది. ఆ నీటి జాడ ఉత్తర అట్లాంటిక్‌ను చుట్టి 1980ల తొలినాళ్ల దాకా కనిపించింది.

అది సముద్రపు మంచు పని, హిమానీనదాలది కాదు కదా అనవచ్చు. నిజమే. ఆర్కిటిక్‌కు మంచినీరు అన్నిటికన్నా ఎక్కువగా మోసేవి సైబీరియా, కెనడా నదులన్నదీ నిజమే. ఒక తేడా మాత్రం ఉంది. సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పును కిందికి వదిలేస్తుంది, కరిగేటప్పుడు మంచినీటిని తిరిగిస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ ఖాతా చాలావరకు సరిపోతుంది. నేల మీద శతాబ్దాలుగా పేరుకున్న మంచు ఒకసారి కరిగి వచ్చిందంటే అది సముద్రానికి కొత్తగా చేరిన నీరే.

పైగా అది వచ్చే దారి వేరు. కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లో దిగే క్రోనెబ్రీన్ లాంటి హిమానీనదాల కరిగిన నీరు మంచు అడుగున సొరంగాల గుండా పారి, సముద్రంలో లోతున బయటపడుతుంది. తేలికైన నీరు కనుక తనకు ఎన్నో రెట్లు ఉప్పునీటిని వెంటబెట్టుకుని పైకి ఉబుకుతుంది. ఆ ఒరవడిలో అడుగునున్న వెచ్చదనం మంచుగోడ పాదాన్ని తినేస్తుంది, పోషకాలు పైకొస్తాయి. మంచినీటి దెబ్బకు చచ్చో సొమ్మసిల్లో తేలే చిన్న ప్రాణుల కోసం కిట్టివేక్ పక్షులు గుంపులుగా మూగుతాయి. మంచు వెనక్కి తగ్గి నేల మీదికి చేరితే ఈ ఉబుకు ఉండదు. మిగిలేది మామూలు వాగే. తగ్గడం ఎంత వేగంగా సాగుతోందో చెప్పడానికి ఇక్కడే ఒక సాక్ష్యం ఉంది. ద్వీపకల్పమని పటాల్లో గీసిన బ్లోమ్‌స్ట్రాండ్, 1990ల్లో మంచు జరిగాక దీవి అని తేలింది.

గట్టి అభ్యంతరం మరొకటుంది. దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్న సముద్రంలో 2015 ప్రాంతం నుంచి ఉపరితలపు ఉప్పదనం పెరుగుతోందని ఉపగ్రహాలు చూపుతున్నాయి. కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లోకీ 2006 నుంచి అట్లాంటిక్ నీరు శీతకాలంలో సైతం ఎక్కువగా చొరబడి, సముద్రం మునుపటిలా గడ్డకట్టడం లేదు. మంచు కరుగుతుంటే ఉప్పెలా పెరుగుతుంది? కరుగుదల ఒక్కటే ఉప్పదనాన్ని శాసించదు కనుక. గాలులు, ప్రవాహాలు, లోతు నుంచి పైకొచ్చే నీరు కరుగుదల ప్రభావాన్ని కొన్నేళ్లపాటు కప్పేయగలవు. ఈ అభ్యంతరం నా వాదనకు ఎదురు నిలవదు. ఉప్పునీరు పైకొచ్చిందంటే దానితో లోతు వేడీ వచ్చినట్టే. మూత బిగిసినా, ఊడినా నష్టం మంచుకే.

ఉప్పదనం ఎప్పుడు, ఎందుకు మారుతోందో తేల్చాలంటే వేసవి పడవ కొలతలు చాలవు. చెన్నై, గోవా సంస్థల శాస్త్రవేత్తలు 2014 జులైలో ఈ సముద్రపు పాయలో 192 మీటర్ల లోతున లంగరు వేసిన ఇండార్క్ అనే కొలత పరికరాల వ్యవస్థ విలువ అందులోనే ఉంది. చీకటి నెలల్లోనూ అది ఉప్పదనాన్ని, వేడిమిని నమోదు చేస్తుంది. మంచుదిమ్మల భయంతో దాని తలను ఉపరితలానికి దిగువనే ఉంచారు. కాబట్టి ఆ పలుచని పై పొర కోసం పడవ తప్పదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ, సముద్రంలో తేలే ఆర్గో పరికరాల ద్వారా హిందూ మహాసముద్రంలో ఇవే కొలతలు సేకరిస్తోంది. గోదావరి, గంగ నీళ్లు పరుచుకునే బంగాళాఖాతంలోనూ ఇలాంటి మంచినీటి పొరే పైవేడి లోతుకు కలవకుండా ఆపి, తుపానులకు బలమిస్తుంది. ధ్రువపు మంచు ఇన్ని వేల కోట్ల టన్నులు కరిగిందన్న వార్త కనబడితే ఆ అంకె దగ్గరే ఆగకండి. ఆ నీరు ఎక్కడ, ఏ లోతున చేరింది, దాని కిందున్న వేడి ఎటుపోయింది అన్నది రాశారో లేదో చూడండి.