పట్టేసిన పిస్టన్



పోయిన ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరుస్తుంటే మా గోళ్లలో గ్రీజు మాకే కనబడి సిగ్గేసింది. ఎంత సబ్బు పెట్టినా పోలేదు. "అయ్యగారు మెకానిక్ పని మొదలెట్టారా ఏటి?" అని బయట కొందరు నవ్వుకున్నారు కూడా. అందుకే ఈ వారం ఆ సంగతే రాస్తున్నాము. ఇది ఒక బండి కథ. అసలు చెప్పాలంటే, మేము చేసిన ఒక తప్పు కథ.

మన సంఘంలో ఒక పెద్దాయన పశువుల శాలలో యమహా ఆర్‌ఎక్స్ 100 ఒకటి పదేళ్లుగా గోనెసంచుల కింద పడి ఉంది. మా వయసు వారికి ఆ బండి గురించి చెప్పనక్కరలేదు. ఎస్కార్ట్స్ వారు 1985 నుండి 1996 వరకు మన దేశంలో తయారు చేశారు. 98 సీసీ, టూ స్ట్రోకు, 11 హార్స్ పవర్. బరువు వంద కేజీలకు అటూ ఇటూ. చిన్న బండే గాని, గేరు వేస్తే ముందుకు దూకేది.

అందుకే మట్టి రేసుల కుర్రాళ్లు దాని వెంట పడ్డారు. మోటోక్రాస్ అనే ఆట 1924లో ఇంగ్లండులో పుట్టింది. గుట్టలు, గుంతలు, బురద మీదుగా బండి తోలడం. దానికోసం విదేశాలలో పొడవాటి షాకబ్జార్బర్లతో ప్రత్యేకమైన బండ్లు చేస్తారు. మన ఊళ్లలో అవి కొనే స్తోమత ఎవరికుంది? ఉన్న ఆర్‌ఎక్స్ 100కే లైట్లు ఊడదీసి, గుబ్బల టైర్లు వేసుకునేవారు. ఈ పెద్దాయన కొడుకు అదే చేశాడు. అప్పటికి వాడికి 19 ఏళ్లు.

ఒకరోజు కొండ కింద గ్రావెల్ తవ్విన గోతుల దగ్గర పడ్డాడు. చెయ్యి విరిగింది. వెళ్లి ప్రార్థన చేశాం. అంతవరకు బాగానే ఉంది. తరువాతి ఆదివారం ప్రసంగంలో, ఇశ్రాయేలీయులు బంగారు దూడను చేసుకున్న సంగతి చెబుతూ, "మన మధ్యన ఇనప దూడను పూజించేవాడు కూడా ఉన్నాడు" అన్నాం. సంఘమంతా నవ్వింది. కట్టుతో ఆ అబ్బాయి చివరి వరసలో కూర్చునే ఉన్నాడు. ఆ నవ్వు ఆ రోజు మాకు బాగానే అనిపించింది, అబద్ధమెందుకు.

నెల తిరగకుండా వాడు విశాఖపట్నం వెళ్లిపోయాడు. తండ్రి బండిని శాలలోకి నెట్టేశాడు. ఇద్దరికీ మాటల్లేవు. వాడు మళ్లీ మందిరం గుమ్మం తొక్కలేదు.

ఈ వేసవిలో పెద్దాయన మమ్మల్ని పిలిచారు. "పాత ఇనప సామాన్ల వాడికి ఇచ్చేద్దామనుకుంటున్నాను అయ్యగారూ. ఒకసారి చూసి చెప్పండి." గోనెలు తీశాం. ట్యాంకు మీద దుమ్ము తుడిస్తే చిన్న సిలువ బొమ్మ స్టిక్కరు. సండేస్కూల్లో వాక్యాలు కంఠతా పెట్టినందుకు మేమే పిల్లలకు బహుమతిగా ఇచ్చినది. మేము ఇనప దూడ అన్న దాని మీద వాడు సిలువ అతికించుకున్నాడు. మేము ఏనాడూ దగ్గరికి వెళ్లి చూడలేదు.

"అమ్మవద్దు" అన్నాం. ఎందుకన్నామో మాకే తెలియదు.

కిక్కు దిగలేదు. పిస్టన్ పట్టేసింది. తెలిసిన మేస్త్రిని అడిగితే, "కిక్కు మీద నిలబడకండి పాస్టరుగారూ, లోపల విరుగుద్ది. ప్లగ్గు విప్పి డీజిల్ పోసి వదిలేయండి. నానాలి" అన్నాడు. తొమ్మిది రోజులు నానబెట్టాం. పదో రోజున చేత్తో తోస్తే కాస్త కదిలింది. బోరు విప్పి చూస్తే పిస్టన్ ఒక పక్క గీతలు గీతలుగా గీసుకుపోయి ఉంది.

కారణం మేస్త్రి చెప్పాడు. టూ స్ట్రోకు ఇంజనులో పెట్రోలు, గాలి, ఆయిలు ముందు కింద క్రాంకు గదిలోకి వెళ్లి, అక్కడి నుండి పైకి వస్తాయి. ఆ గదికి గాలి చొరబడకుండా రెండు పక్కలా ఆయిల్ సీళ్లు ఉంటాయి. సీలు ఎండి గట్టిపడితే బయటి గాలి లోపలికి పీలుస్తుంది. పెట్రోలు పలచబడుతుంది, దానితో పాటు ఆయిలూ తగ్గుతుంది. వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. "కాని పట్టేసే ముందు ఒక్కోసారి బండి ఇదివరకటి కంటే హుషారుగా అరుస్తుంది. కుర్రాళ్లు సంబరపడతారు" అన్నాడు.

ఆ మాట మాకు గుచ్చుకుంది. ఆ ఆదివారం మా ప్రసంగం అలాగే అరిచింది. బయటి గాలి, అంటే జనం నవ్వు, లోపలికి వచ్చింది. ప్రేమ అనే ఆయిలు తగ్గింది. మేము అది ఆత్మావేశం అనుకున్నాం.

అనకాపల్లిలో లేతు మీద బోరు చేయించాం. అసలు 50 మిల్లీమీటర్ల బోరు. ఇప్పుడు అర మిల్లీమీటరు పెంచి కొత్త పిస్టన్ వేశాం. గీతలు పడిన చోట కొంత లోహం పోవలసిందే, వేరే దారి లేదు. సీళ్లు, బేరింగులు మార్చాం. సైలెన్సరులో పేరుకున్న మసి గీకాం. మా ఇంట్లో పాస్టరమ్మగారు పిల్లల ఫీజులు గుర్తు చేస్తూనే లాంతరు పట్టుకున్నారు.

బల్ల దగ్గర గ్రీజు చూసుకున్నప్పుడు మత్తయి 5వ అధ్యాయం మనసులో మెదిలింది. సహోదరునికి మన మీద ఏదైనా ఉంటే, అర్పణను అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట. మేము అర్పణ వదలలేదు, బండి బాగుచేస్తూ కూర్చున్నాం. బండిని నానబెట్టడం తేలిక. మనిషి ఎదుటికి వెళ్లడమే కష్టం.

మంగళవారం బస్సెక్కి ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి, ద్వారకా నగర్ సందులలోకి నడిచాం. కోచింగు సెంటర్ల బోర్డుల మధ్య చిన్న సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. వాడే. ఇప్పుడు 29 ఏళ్లు. లేచి నిలబడి, "వందనాలు అయ్యగారూ" అన్నాడు. అంతే, తల ఎత్తలేదు.

"బాబూ, నీ బండి విప్పాం. కార్బురేటరులో మెయిన్ జెట్టు ఏ నంబరు వేశావో తెలియడం లేదు" అని మొదలుపెట్టాం. పిరికితనంతోనే. తరువాత అసలు మాట చెప్పాం: "ఆ రోజు నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాం. అది వాక్యం కాదు, మా గర్వం. క్షమించు."

వాడు చాలాసేపు స్క్రూడ్రైవరు తిప్పుతూ ఉన్నాడు. చివరికి, "నవ్వినోళ్ల ముందు చెబుతారా అయ్యగారూ?" అన్నాడు.

చెబుతామన్నాం. ఇదిగో, ఇక్కడ చెప్పాం. వచ్చే ఆదివారం అదే పుల్పిట్ మీద నుండి చెబుతాం. ఆ రోజు మీలో నవ్వినవారు ఉంటే, మిమ్మల్ని నవ్వించినది మేమే. నింద మాది.

వాడు ఊరికి వస్తానని అనలేదు. మేమూ అడగలేదు. రాత్రి వాట్సాప్‌లో జెట్టు నంబరు పంపాడు. కింద ఇంకొక మాట: కొత్త పిస్టన్ కాబట్టి మొదటి 500 కిలోమీటర్లు లాగవద్దు, నెమ్మదిగా తోలమనండి.

నిన్న సాయంత్రం నాలుగో కిక్కుకి బండి అందుకుంది. శాలంతా నీలం పొగ. రిజిస్ట్రేషను రెన్యువల్ అయ్యేవరకు రోడ్డెక్కించం. పెద్దాయన గుమ్మంలో నిలబడి విన్నారు. "ఆడేటన్నాడు?" అని అడిగారు. పదేళ్లలో కొడుకు గురించి ఆయన మమ్మల్ని అడిగిన మొదటి మాట అది. చెప్పాం.

"సర్లెండి" అన్నారాయన, "నెమ్మదిగానే తోలదాం."

ప్రభువు మనందరి ఇళ్లలో సమాధానము కలుగజేయును గాక. ఆమేన్.