హరిశ్చంద్రపురం స్టేషనులో ఒక ప్రశ్న

పలాసలో ఎక్కిన పాసింజరు పూండి, నౌపడ, కోటబొమ్మాళి దాటి హరిశ్చంద్రపురంలో నన్ను దించేసరికి ఎండ వాలింది. నౌపడ ఉప్పుమళ్ల తెలుపు ఇంకా కళ్లలోనే ఉంది. నాతోబాటు దిగిన ఒక ఇల్లాలు పలాసలో జీడిపప్పుకు పొట్టు తీసే పని చేస్తుందట. నేను వైద్యుణ్ణని తెలిసి, కాస్త సందేహిస్తూనే అడిగింది. ఆమె భర్తకు తలలో కంతి. విశాఖలో ఆపరేషను.

"బాబూ, అన్ని గంటలు ఒంగి సూత్తే ఆ డాక్టరుబాబు సెయ్యి వణకదా? మాకు పొద్దోయేసరికి మెడ పీకేత్తది. అప్పుడే పప్పు బద్దలైపోతాది."

ఇంత చక్కని ప్రశ్న నన్ను వైద్య విద్యార్థులు కూడా ఎన్నడూ అడగలేదు!

మెడకూ వేలికీ ఏమిటి సంబంధమంటారా? తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా ఉంటే వెన్నెముక మోస్తుంది. ముందుకు వంచితే మెడ కండరాలే దాన్ని లాగి పట్టుకోవాలి. అవి అలిస్తే భుజం బిగుస్తుంది, చేతి వణుకు పెరుగుతుంది. సూక్ష్మదర్శిని నరాన్ని ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో, వణుకునూ అన్ని రెట్లు చూపిస్తుంది. పైగా పెద్దది చేసినకొద్దీ కనిపించే మేర తగ్గుతుంది, స్పష్టంగా ఉండే లోతూ తగ్గుతుంది.

విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో డాక్టర్ బాలపరమేశ్వరరావుగారు 1956లో నాడీ శస్త్రచికిత్స ప్రారంభించేనాటికి మెదడు ఆపరేషన్లలో సూక్ష్మదర్శిని వాడుక లేదు. చెవి వైద్యులు మాత్రం 1921 నుంచీ, స్వీడన్‌లో నీలేన్‌తో మొదలుపెట్టి, వాడుతున్నారు. 1957లో లాస్ ఏంజెలిస్‌లో కర్జ్ దాన్ని తలలోని కంతికి వాడారు. తరువాత జూరిచ్‌లో యాషర్‌గిల్, తక్కెడలా సరితూగి నిలిచే స్టాండునూ, నోటితో కదిపే మీటనూ వాడుకలోకి తెచ్చారు. చేతులు పని వదలనక్కర లేకపోయింది. నా దృష్టిలో అద్దాలకన్నా ఆ స్టాండే గొప్పది.

రోగి తలను మూడు మేకుల పట్టులో బిగించి, బల్లను ఎత్తి, వంచి, తిప్పుతారు. కంతి డాక్టరు చూపుకు ఎదురుగా రావాలి గాని, ఆయన మెడ దాని వెంట పోకూడదు. కుర్చీకి చేతుల ఆనుడు ఉంటుంది. కంటిగొట్టాలు ఆయన ఎత్తుకు తగ్గట్టు వంగుతాయి. ఇప్పుడు కొన్ని ఆసుపత్రుల్లో గొట్టాలే లేవు. పైన కెమెరా, ఎదుట తెర, కళ్లకు ప్రత్యేకమైన అద్దాలు. నిటారుగా కూర్చునే పని చేయవచ్చు. కాని తెరను పక్కకు పెట్టారో, నొప్పి వేరే వైపుకు మారుతుందంతే.

"అయితే ఆయనా పీట సర్దుకుంటాడన్నమాట," అన్నదామె.

"నువ్వూ సర్దుకో అమ్మా. పళ్లెం నేల మీద కాక మోచేతి ఎత్తున పెట్టుకో. వెలుగు ఎదుటినుంచి పడనీ. అరగంటకోసారి తల ఎత్తి దూరం చూడు. చేతులు తిమ్మిరెక్కితే మాత్రం ఆసుపత్రిలో చూపించుకో."

"మరి డాక్టరుబాబుని నేనేటడగాల?"

కంతి ఎక్కడుందో, మాటకూ చేతికాళ్లకూ ముప్పు ఎంతో, ఇంటికొచ్చాక ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే తిరిగి తీసుకురావాలో అడగమన్నాను. మూడూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆ వేళ్లు జీడిరసానికి నల్లబడి ఉన్నాయి.